చేతిఫోను బ్యాటరీకి ఆయుష్షు పోసే అలవాట్లు

రాత్రి భోజనాలు ముగుస్తాయి. ఇంటిల్లిపాదీ నిద్రకు ఉపక్రమించే వేళ ఒక్కొక్కరి ఫోనూ ఒక్కొక్క ప్లగ్గును వెతుక్కుంటుంది. ఒకరు దానిని దిండు కింద దూరుస్తారు. మరొకరు దూదిపరుపు మీద పడవేసి కన్ను మూస్తారు. తెల్లవారేసరికి నూటికి నూరు పాళ్ళూ నిండి ఉంటే చాలు, ఫోను ఆరోగ్యంగా ఉన్నట్లేనని అందరి విశ్వాసం. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఫోనే మధ్యాహ్నానికల్లా నీరసించి పోతుంది. అప్పుడు నింద అంతా తయారీదారు మీద పడుతుంది. కాని ఆ దోషంలో కొంత భాగం దిండు కిందనే దాగి ఉన్నదని గ్రహించేవారు అరుదు.

ఇది ఏదో విలాసవస్తువుకు సంబంధించిన ముచ్చట కాదు. కూరగాయల బండి నడుపుకొనే మనిషికి నేడు ఆ ఫోనే గల్లాపెట్టె. ఆటో నడిపేవానికి బేరాలు తెచ్చిపెట్టేది అదే. దూరదేశాన ఉన్న బిడ్డ ముఖాన్ని తల్లికి చూపేదీ అదే. బ్యాటరీ చతికిలబడితే ఆ పనులన్నీ ఆగిపోతాయి. కొత్త ఫోను కొనవలసి వస్తే సామాన్యుని నెల సంపాదన యావత్తూ దానికే చెల్లిపోవచ్చు.

రెండు ఒడ్డుల నడుమ పడవలు

నేటి ఫోన్లలో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. స్టాన్లీ విటింగ్‌హామ్ 1970 దశకంలో దీనికి పునాది వేశాడు. జాన్ గుడెనఫ్ 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో కోబాల్ట్ ఆక్సైడ్‌ను ప్రవేశపెట్టి దాని శక్తిని పెంచాడు. జపాన్‌కు చెందిన అకిరా యోషినో 1985లో దానిని సురక్షితంగా వాడదగిన రూపానికి తెచ్చాడు. సోనీ సంస్థ 1991లో విపణిలో ప్రవేశపెట్టింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 ఏళ్ళు. నోబెల్ అందుకొన్నవారిలో అంత వయోధికుడు మరొకడు లేడు.

ఈ బ్యాటరీలో ఒక వైపు గ్రాఫైటు, రెండవ వైపు లోహపు ఆక్సైడు ఉంటాయి. వాటి నడుమ ఒక రసాయన ద్రవం. లిథియం అయాన్లు ఈ రెండు ఒడ్డుల మధ్య పడవల వలె తిరుగుతూ ఉంటాయి. ఛార్జి చేసేటప్పుడు గ్రాఫైటు వైపు చేరుతాయి. ఫోను వాడేటప్పుడు తిరిగి వస్తాయి. ప్రతి ప్రయాణంలోనూ స్వల్పంగా లిథియం దారిలో చిక్కుబడి, గ్రాఫైటు మీద పేరుకొనే పలుచని పొరలో కలిసిపోతుంది. అట్లా పోయినది మరి తిరిగిరాదు. బ్యాటరీ ముసలిదవడమంటే ఇదే. దీనిని ఆపడం ఎవరి తరమూ కాదు. నెమ్మదింపజేయడం మాత్రం సాధ్యమే.

పాత సూత్రం, కొత్త బ్యాటరీ

"పూర్తిగా అయిపోయిన తరువాతనే ఛార్జి పెట్టాలి" అన్న సలహా ఇప్పటికీ ఇంటింటా వినవస్తుంది. అది ఒకప్పటి నికెల్ కాడ్మియం బ్యాటరీలకు చెప్పిన మాట. సగంలో ఛార్జి పెడుతూ ఉంటే అవి తమ పూర్తి శక్తిని మరచిపోయినట్లు ప్రవర్తించేవి. లిథియం బ్యాటరీకి ఆ జబ్బు లేదు. పైగా అట్టడుగుకు దించడం దానికి హాని. అంచుదాకా నింపి గంటల తరబడి అట్లాగే ఉంచడమూ హానియే. నిండుగా ఉన్నప్పుడు వోల్టేజి హెచ్చుగా ఉండి, లోపలి రసాయనాలు త్వరగా క్షీణిస్తాయి.

కనుక 20 శాతానికి దిగకుండా, 80 శాతం దాటకుండా చూసుకోవడం మేలైన పద్ధతి. పగలు వీలు దొరికినప్పుడు కొద్దికొద్దిగా ఛార్జి చేయడంలో తప్పు లేదు. సగం చొప్పున రెండుసార్లు నింపితే లెక్కకు వచ్చేది ఒక్క ఆవృత్తియే. 80 శాతం వద్ద ఛార్జిని నిలిపివేసే ఏర్పాటు, తెల్లవారుజామున మాత్రమే పూర్తిగా నింపే ఏర్పాటు నేడు అనేక ఫోన్లలో ఉన్నవి. సెట్టింగులలో బ్యాటరీ విభాగం తెరిచి వాటిని ఒక్కసారి అమర్చుకొంటే చాలు, రాత్రిపూట ఛార్జి పెట్టినా బెంగ ఉండదు.

వేడియే ప్రధాన శత్రువు

అన్నిటికంటె మించిన శత్రువు వేడి. పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యానికి శాశ్వతంగా నష్టం కలుగవచ్చునని ఆపిల్ సంస్థ తన వినియోగదారులను హెచ్చరిస్తున్నది. రోళ్ళు పగిలే రోహిణికార్తెలో రెంటచింతలలోనో రామగుండంలోనో 35 డిగ్రీలంటే చల్లదనం కిందనే లెక్క! అటువంటి చోట వాతావరణాన్ని మార్చలేకపోయినా అలవాట్లను మార్చుకోవచ్చు.

ఛార్జి అవుతున్న ఫోనును దిండు కింద, పరుపు మీద ఉంచరాదు. అక్కడ వేడి బయటికి పోయే దారి ఉండదు. గట్టి బల్ల మీద, గాలి తగిలే చోట పెట్టాలి. మందపాటి తొడుగు ఉంటే తీసివేయాలి. ఎండలో నిలిపిన కారులో ఫోనును వదలరాదు. ఛార్జి పెట్టి ఆటలు ఆడితే రెండు వేడులు ఒకచోట చేరుతాయి. తీగ లేకుండా ఛార్జి చేసే పలకల మీద వేడి మరికొంత హెచ్చు. వేగంగా ఛార్జి చేసే సాధనాలు అత్యవసరంలో ఉపకరిస్తాయి. తొందర లేనినాడు నెమ్మదైన ఛార్జరే మిన్న.

వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టే సాహసం మాత్రం చేయకూడదు. లోపల తేమ చేరి అసలుకే మోసం వస్తుంది. గడ్డకట్టే చలి కూడా ప్రమాదమే. లద్దాఖ్ వంటి చోట్ల సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జి చేస్తే లిథియం లోహరూపంలో గ్రాఫైటు మీద పేరుకొని బ్యాటరీని దెబ్బతీస్తుంది. ఫోను కాస్త వెచ్చబడిన తరువాతనే ప్లగ్గుకు తగిలించాలి.

ఉబ్బితే ఉపేక్ష తగదు

ఫోను వెనుక భాగం ఉబ్బినా, తెర పైకి లేచినా లోపల వాయువులు పుడుతున్నాయని అర్థం. అట్టి ఫోనును వెంటనే వాడకం మాని, ఛార్జి పెట్టకుండా, మరమ్మతు కేంద్రానికి అందించాలి. దానిని నొక్కినా, సూదితో పొడిచినా మంటలు లేవవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర లేని చవుకబారు ఛార్జర్లతో మిగిలే కొద్దిపాటి డబ్బు ఇంటి క్షేమానికి సాటిరాదు. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయడమూ తగదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీదనే ఉంచాయి.

ఇంత చెప్పినా, శాతాలు చూసుకొంటూ దినమంతా కూర్చోనవసరం లేదు. దూరప్రయాణం ఉన్ననాడు నూరు శాతం నింపుకోవలసిందే. వాడకుండా నెలల తరబడి దాచే ఫోనును సగం ఛార్జితో, చల్లని చోట ఉంచితే చాలు. సామర్థ్యం బాగా తగ్గిననాడు ఫోనునే పారవేయక, బ్యాటరీని మాత్రం మార్పించుకొంటే మరి కొన్నేళ్ళు పనిచేస్తుంది. ఈ రాత్రికి చేయవలసినది ఒక్కటే: ఫోనును దిండు కింది నుంచి తీసి, బల్ల మీద పెట్టి పడుకోవడం.