బొటనవేలికి కాస్త చోటివ్వండి!

షుగరుంది, రోజూ నడవమన్నారు డాక్టరు. డబ్బు పోసి మంచి బూట్లే కొన్నారు. వారం తిరక్కుండానే అవి మూలన పడ్డాయి. కారణం బద్ధకం కాదు... బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చిన బుడిపె!

దాన్నే బునియన్‌ అంటారు. బొటనవేలు పక్క వేళ్లవైపు ఒరిగేకొద్దీ దాని మొదట్లోని కీలు బయటికి ఉబ్బుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. పాదం తీరు వంశపారంపర్యంగా రావడం ఒక కారణం. ముందువైపు ఇరుగ్గా ఉండే చెప్పులూ బూట్లూ దాన్ని మరింత ముదిరేలా చేస్తాయి.

ఈ బాధ ఈనాటిది కాదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో తవ్వకాల్లో దొరికిన 177 అస్థిపంజరాలపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. 11-13 శతాబ్దాల వారిలో 6 శాతం మందికే బునియన్‌ ఆనవాళ్లు కనిపిస్తే, 14-15 శతాబ్దాల వారిలో 27 శాతం మందికి ఉన్నాయట. మొనదేలిన బూట్ల మోజు అక్కడ మొదలైంది 14వ శతాబ్దంలోనే!

ఏడో నంబరు పట్టేస్తోందంటే షాపులో ఎనిమిది చేతికిస్తారు. దాంతో పెరిగేది ముఖ్యంగా పొడవు. మనకు కావాల్సిందేమో వెడల్పు. పొడవు ఎక్కువైతే మడమ జారుతుంది, పాదం ముందుకెళ్లి వేళ్లు మళ్లీ నలుగుతాయి. కొన్ని కంపెనీలు ఒకే నంబరులో వేర్వేరు వెడల్పులు తెస్తున్నాయి. సాధారణంగా ఆడవాళ్ల బూట్లలో 'బి' మామూలు వెడల్పు, 'డి' ఎక్కువ వెడల్పు. మగవాళ్లకైతే 'డి' మామూలు, '2ఈ' ఎక్కువ. అడిగి తీసుకోవాలి.

కొనేముందు...

* సాయంత్రం వెళ్లండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రెండు పాదాల్లో పెద్దదాని కొలతే లెక్క.

* బూటు లోపలి అట్ట బయటికి తీసి, దానిపై నిలబడండి. వేళ్లు అంచు దాటుతుంటే ఆ జత వద్దు.

* పొడవైన వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి.

* పైభాగం సాగే జాలీ గుడ్డతో ఉంటే మేలు. బుడిపె తగిలేచోట కుట్లు, గట్టి అతుకులు ఉండకూడదు.

* మడమ ఎత్తు తక్కువుండాలి. ఎత్తు పెరిగితే భారమంతా వేళ్లమీదే.

* బుడిపె పక్కనున్న రంధ్రాన్ని వదిలేసి లేసు కడితే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది.

బూటు బాధను తగ్గిస్తుందే కానీ ఒరిగిన వేలిని సరిచేయదు. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. షుగరున్నవాళ్లకు స్పర్శ తగ్గి, ఒరుసుకున్నా తెలియకపోవచ్చు. అందుకే రోజూ పాదాలు చూసుకోవాలి. చిన్న పుండు కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికెళ్లాలి.

కాలికి తగ్గ బూటు వెతకాలి కానీ, బూటుకు తగ్గట్టు కాలిని నొక్కేస్తే ఎలా?