బిడ్డ వేగపు కారు గోరినపుడు

ఇంటిలో ఈడు వచ్చిన పిల్లవాడుండి, వానికి కార్లపై మక్కువ కలిగెనా, ఆ ఇంటి తల్లికి రెండు భయములు పుట్టును. ఒకటి ధనమును గూర్చినది. రెండవది ప్రాణమును గూర్చినది. వాడు తొలి జీతముల సొమ్ము కూడబెట్టి, చాలనిదానికి తల్లిదండ్రుల నాశ్రయించి, ఒకరు వాడి అమ్మిన వేగపు కారు నొకదానిని కొనవలె ననును. కొన్నపిమ్మట దానిని ఉన్నది యున్నట్లుంచడు. ఇంజనుకు బలము హెచ్చించి, చక్రములు మార్చి, కారును నేలకు దించి, ధ్వని పెంచి, తన మనసునకు నచ్చినట్లు తీర్చుకొనవలె ననును. ఆడపిల్లలలోను ఈ అభిరుచి గలవారు నేడు కలరు.

ఇట్టి సమయమున తల్లులు సాధారణముగా రెండు త్రోవలలో నొకటి త్రొక్కుదురు. "వల్లకాదు" అని మాట తెగగొట్టుట ఒకటి. పోరు పడలేక డబ్బిచ్చి, దేవునికి దండము పెట్టి యూరకుండుట మఱియొకటి. ఈ రెండును మంచివి కావని మా అభిప్రాయము. మొదటిదానివలన బిడ్డ చెప్పక చేయుట నేర్చుకొనును. రెండవదానివలన ఇంటిలో వానిని అడుగువారు లేకపోవుదురు. తగిన ప్రశ్న అడుగ నేర్చిన తల్లి ఈ విషయమున మెకానికుకంటె నెక్కువ మేలు చేయగలదు. అందులకు కావలసినంత మట్టుకు ఈ సంగతులను సోదరీమణులకు తెలుపదలచితిమి.

ఉదాహరణమునకు మన యువకులు మిక్కిలి యిష్టపడిన యొక కారును తీసికొందము. ఫోక్స్‌వాగన్ కంపెనీవారి పోలో జి.టి. టి.ఎస్.ఐ. అను చిన్న కారు మన దేశమున 2013లో వెలువడెను. దాని ఇంజను 1.2 లీటర్లదే యైనను 105 అశ్వబలము నిచ్చెడిది. ఆ రహస్యమంతయు టర్బో అను సాధనములో నున్నది. ఇంజనునుండి వెలికి పోవు వేడి పొగ ఒక చిన్న చక్రమును మహావేగముతో త్రిప్పును. దానితో జోడింపబడిన రెండవ చక్రము బయటిగాలిని ఇంజనులోనికి దట్టించును. కుంపటిని విసనకఱ్ఱతో విసరినచో బొగ్గులు భగ్గున రాజుకొనుట మన మెఱుగనిది కాదు. ఇదియు నట్టిదే. ఎంత గాలికి ఎంత పెట్రోలు పోవలెనో కారులోని చిన్న కంప్యూటరు నిర్ణయించును. ఆ కంప్యూటరులోని ఆజ్ఞలను తిరిగి వ్రాసి గాలి యొత్తిడిని పెంచుటనే యువకులు రీమ్యాపు అందురు. ఒక్క మరయైనను మార్చకుండగనే కారు బలము పెరుగును. అందువలననే దానిపై అంత వ్యామోహము.

అయినచో కంపెనీవారే ఆ బలమును మొదటనే యేల యీయరైరి? పాలగిన్నెను అంచువఱకు నింపి పొయ్యిమీద పెట్టు ఇల్లాలు ఉండదు. పొంగునకు కొంత జాగా విడుచును. ఇంజను చేసినవారును నాసి పెట్రోలునకు, వేసవి యెండకు, ఏండ్ల తరబడి వాడుకకు ఓర్చుకొనునట్లు కొంత జాగా విడిచిపెట్టుదురు. రీమ్యాపు చేయువాడు ఆ జాగాను వాడుకొనుచున్నాడే గాని క్రొత్త బలమును సృష్టించుట లేదు. ఆ కారులోని ఏడు గేర్ల పెట్టె 250 న్యూటను మీటర్ల త్రిప్పుడు బలమువఱకు తాళునట్లు చేయబడినది. ఇంజను ఇచ్చునది 175. ఈ రెంటి నడుమ నున్న తేడాయే దాని యాయుస్సు. ఆ తేడాను తినివేసిన కారునకు గేరు పెట్టె బాగు చేయించుటకు పట్టు వ్యయము చిన్నది కాదు.

2022లో ఈ కారు తయారు మన దేశమున నిలిచిపోయినది. కావున నేడు దొరకునవన్నియు ఒకరు వాడినవే. వాడిన కారు కొనునపుడు తల్లి అడుగవలసిన వేమనగా: సర్వీసు చేయించిన రసీదులు వరుసగా నున్నవా? ముందరి యజమాని దీనిని మార్పించి, అమ్మునపుడు మరల పూర్వపు రూపమునకు తెచ్చెనా? ప్రమాదమున పడి బాగుచేయబడినదా? బేరగానితో సంబంధము లేని మెకానికు చేత చూపించితిరా? ఇంజను చల్లగా నున్నపుడు స్టార్టు చేసి వినిరా? టైరు ప్రక్కన నాలుగంకెలుండును. మొదటి రెండును వారమును, తరువాతి రెండును సంవత్సరమును దెలుపును. 2319 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరపు 23వ వారమున పుట్టినదన్న మాట. దీనిని చదువుటకు మెకానికు అక్కఱలేదు. మఱియు ధరకే సొమ్మంతయు ఊడ్చి యీయరాదు. బాగుచేతలకును, టైర్లకును, బీమాకును వేఱుగ తీసియుంచిన పైకము లేనివాడు ఆ కారు కొనుటకు ఇంకను సిద్ధముగా లేడని తెలిసికొనవలెను.

ఇక ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. పిల్లవాడు "ఇది ఇంత వేగముగ పోవును" అని మురియునపుడు, "నాయనా, ఇది ఆగుటకు ఏమి చేసితివి?" అని అడుగవలెను. వేగము రెట్టింపయినచో కారులోని శక్తి రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. మంచి టైర్లుగల కారు పొడిరోడ్డుమీద గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి బ్రేకు పడినపిమ్మట సుమారు 20 మీటర్లలో ఆగును. అదే కారు 120 కిలోమీటర్లలో నున్నచో సుమారు 80 మీటర్లు కావలెను. అడ్డము వచ్చినదానిని చూచి కాలు బ్రేకుమీదికి పోవునప్పటికి ఒక్క సెకను గడచినను, ఆ లోపల మఱి 33 మీటర్లు పోవును. కారు నేలను తాకునది నాలుగు టైర్లవద్ద అరచేయి వెడల్పు చోటులలో మాత్రమే. కావున తొలి రూపాయి మంచి టైర్లకును, బ్రేకులకును, రెండేండ్ల కొకసారి మార్చవలసిన బ్రేకు నూనెకును పోవలెను. ఇంజను ముచ్చట వీని తరువాతిది.

చట్టమును గూర్చియు చెప్పవలసియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారు ఈ నియమమును దృఢముగ నిలిపిరి. ఆ సంవత్సరపు సవరణచే చేరిన 182-ఏ సెక్షను అనుమతిలేని ప్రతి మార్పునకును యజమానికి 5,000 రూపాయల జుల్మానా గాని, ఆరునెలలవఱకు ఖైదు గాని, రెండును గాని విధించును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు కారు నడిపి నేరము చేసినచో, 199-ఏ సెక్షను క్రింద తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేండ్లవఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు కలవు. మార్పును బీమా కంపెనీకి తెలుపనిచో, కారు నుగ్గయిన దినమున వారు సొమ్ము నిరాకరింపవచ్చును. కావున ఏ మార్పుకైనను ముందు ఆర్.టి.ఓ. ఆఫీసునందును, బీమావారియొద్దను అడిగి, సమాధానమును కాగితముమీద పుచ్చుకొన వలెను.

అట్లయిన యీ అభిరుచి చెడ్డదా యనిన, కానేకాదు. ఇంగ్లండున బియాట్రిస్ షిల్లింగ్ అను బాలిక పదునాలుగవ యేట మోటారు సైకిలు కొనుక్కొని, దానిని తానే విప్పి బిగించుట నేర్చెను. ఇంజనీరు కావలెనన్న బిడ్డ కోరికను విని ఆమె తల్లి కోపింపక, స్త్రీ ఇంజనీర్ల సంఘమును ఆశ్రయించి దారి చూపెను. షిల్లింగ్ మాంచెస్టరులో చదివి, తన నార్టను బండిని స్వహస్తములతో తీర్చి, 1934లో బ్రూక్‌లాండ్సు పందెపు బాటమీద గంటకు 100 మైళ్లను మించి నడిపి బంగారు నక్షత్రమును గైకొనెను. 1941లో బ్రిటిషు యుద్ధవిమానముల ఇంజనులు క్రిందికి దూకునపుడు ఆగిపోవుచుండగా, రంధ్రముగల యొక చిన్న లోహపు బిళ్లతో ఆ లోపమును సరిపుచ్చినదియు ఆమెయే. పిమ్మట భర్తతో గూడి కార్లను తీర్చి పందెములలో నడిపెను. ఆమె వేగమంతయు పందెపు బాటమీదనే సాగెనని గమనింపుడు. ఇరుగుపొరుగువారు ధ్వనికి ఓర్వలేక మొఱపెట్టగా ఆ బాటమీద సైతము పెద్ద సైలెన్సర్లను తప్పనిసరి చేసిరి. మన వీథులలో సైలెన్సరు ఊడబెఱికి అర్ధరాత్రి పసిబిడ్డలను, రోగులను లేపువారికి ఈ సంగతి చెప్పదగినది.

మన దేశమునను అట్టి బాటలు కలవు. చెన్నపట్టణమునకు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో 1990 మొదలుకొని యొకటియు, కోయంబత్తూరులో 2003లో తెఱచిన కారి మోటారు స్పీడ్‌వే అనునదియు మనకు దగ్గఱివి. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేనుసాగరు ప్రక్కన విద్యుత్కార్ల పందెము జరిగినపుడు, ఆ రోడ్డును మూసి, ఇరువైపుల గోడలు కట్టి, వైద్యులను సిద్ధముగ నుంచిరి. లోకమునందలి మేటి డ్రైవర్లకే అంత రక్ష కావలసివచ్చినపుడు, నిన్న లైసెన్సు పుచ్చుకొన్న పిల్లవానికి బయటి చుట్టురోడ్డుమీద ఏ రక్షయు లేకుండుట ఎట్లు చెల్లును? 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 71 మంది మితిమీరిన వేగమునకు బలియైనవారని కేంద్రప్రభుత్వపు లెక్క. ఆ యెదుటి బండిలోనో, రోడ్డు ప్రక్కనో నున్నవారును ఒక తల్లి బిడ్డలే.

కావున సోదరీమణులారా, బిడ్డ కోరికను త్రుంచవద్దు. దానికి క్రమము నేర్పుడు. మొదట నడుపువానిని తీర్చవలెను, అనగా శిక్షణము. తరువాత ఆగుటను తీర్చవలెను, అనగా టైర్లు, బ్రేకులు. బలమును హెచ్చించుట కడపటి మాట. అదియు పందెపు బాటకే తగును. మీరు ఇంటి సొమ్మునుండి కొంత ఈయదలచినచో, రీమ్యాపునకు గాక, శిక్షణపు రుసుమునకును మంచి టైర్లకును ఇండు. ఈ క్రమమునకు ఒప్పుకొను పిల్లవానికి కారు కొనిపెట్టవచ్చును. ఒప్పుకొననివాడు మఱి కొంతకాలము ఆగవలెను.