పరిశోధన సొమ్ము ఎటు పోతోంది?

ఒక ఇంటి పద్దు పుస్తకం చూస్తే ఆ ఇంటివారి మనసు దేనిమీద ఉందో తెలిసిపోతుంది. ధనం గురించి, హృదయం గురించి ప్రభువు కొండమీది ప్రసంగంలో బోధించింది ఇదే (మత్తయి 6:21). దేశానికైనా అంతే. భద్రాచలం ఏజెన్సీలోని సంఘాలకు సైన్సు పరిశోధన పద్దుతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. మన బిడ్డకు వేసే టీకా, మన చేలో చల్లే విత్తనం ఆ పద్దులోంచే వస్తాయి.

మన దేశం పరిశోధనమీద పెట్టే ఖర్చు 2008-09 ప్రాంతంలో స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 0.8 శాతం. 2020-21 నాటికి అది 0.64 శాతానికి తగ్గింది. అంటే వంద రూపాయల సంపాదనలో అరవై నాలుగు పైసలు. రూపాయల లెక్కలో ఖర్చు పెరిగింది గాని, దేశ సంపాదన అంతకంటే వేగంగా పెరిగింది. చైనా రెండు రూపాయలకు పైగా, దక్షిణ కొరియా నాలుగు రూపాయలకు పైగా పెడుతున్నాయి. అక్కడ ఎక్కువ భాగం కంపెనీలదే. మన దగ్గర సగానికి పైగా ప్రభుత్వానిదే.

ఇక ఏ రంగానికి ఎంత? 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు 26,816 కోట్లు, అంతరిక్ష శాఖకు 13,416 కోట్లు, వ్యవసాయ పరిశోధన, విద్యా శాఖకు 10,466 కోట్లు కేటాయించారు. ఆరోగ్య పరిశోధన శాఖకు దక్కింది 3,900 కోట్లు. రక్షణ పరిశోధనకు ఇచ్చినదానిలో ఇది సుమారు ఏడో వంతు.

రాకెట్లు మనకెందుకు అనకూడదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదల్లో ఎంత మేర మునిగిందో ఉపగ్రహ చిత్రాలతో చూపేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. మధిర పరిశోధన స్థానంలో రూపొందిన పెసర రకాలు మన రైతులకు తెలిసినవే. అడగవలసింది ఒక్కటే: పేదవాడి రోగం వంతు ఎంత?

2025 జూలైలో కేంద్రం ప్రైవేటు రంగ పరిశోధన కోసం లక్ష కోట్ల పథకాన్ని ఆమోదించింది. మంచిదే. అయితే కంపెనీ తనకు పనికొచ్చేదాన్నే వెదుకుతుంది. సారపాక కాగితం మిల్లు జామాయిల్ క్లోన్లమీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. దానికి కలప కావాలి, రైతుకూ మేలు జరిగింది. కోయ, కొండరెడ్డి గూడేల్లో పిల్లలను పీడించే సికిల్ సెల్ వ్యాధికి మందు వెదికితే కంపెనీకి వచ్చేదెంత? కొనేవారి చేతిలో డబ్బు లేని చోట ప్రభుత్వ సొమ్మే దిక్కు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్ ప్రభుత్వ జీతగాడే. పసిపిల్లల విరేచనాలను అడ్డుకునే రోటావాక్ టీకా కూడా 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికిన వైరస్ రకంతో మొదలైంది. ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ ఊతంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దాన్ని తయారుచేసింది. 2016లో అది ఉచిత టీకాల్లో చేరింది. విత్తడానికీ కోయడానికీ మధ్య ముప్పై ఏళ్లు పట్టింది. మధ్యలో నీళ్లు కట్టేవాడు లేకపోతే పంట లేదు.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ నలభై ఏళ్లలోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. పరీక్ష అవసరమే, కాని పరీక్ష మందు కాదు. మెరుగైన మందుకోసం పరిశోధన సాగాలి.

కాపరులారా, పెళ్లి మాటలకు ముందే యువతీ యువకులు ఈ పరీక్ష చేయించుకునేలా చూడండి. ఓటడగ వచ్చినవారిని రోడ్డుతోపాటు ఆరోగ్య పరిశోధన నిధుల గురించీ అడగండి. ప్రయోగశాలల్లో శ్రమించేవారి కోసం ఆదివారం ప్రార్థనలో ఒక మాట చేర్చండి. దేవుని క్రియలను ఇష్టంతో పరిశీలించడం భక్తిలో భాగమని 111వ కీర్తన నేర్పుతోంది. ఆ పరిశీలన ఫలం గూడెం చివరి గుడిసె దాకా చేరాలని కోరడం కూడా భక్తే.