ప్రేరణ తాపనం

ప్రేరణ తాపనం లేదా ఇండక్షన్ హీటింగ్ అనగా మంట గాని, వేడెక్కిన తీగ గాని తాకకుండానే ఒక లోహపు వస్తువులో నేరుగా వేడిని పుట్టించే పద్ధతి. వస్తువు చుట్టూ ఒక రాగి తీగచుట్టను ఉంచి, అందులో ఏకాంతర విద్యుత్తును పంపినచో చుట్టకూ వస్తువుకూ మధ్య ఖాళీ ఉన్నప్పటికీ వస్తువు ఎర్రగా కాలుతుంది. చుట్ట మాత్రం చల్లగానే ఉండేలా చూస్తారు. ఉక్కును కరిగించుటకు, యంత్రభాగాల ఉపరితలాన్ని గట్టిపరచుటకు, గొట్టాలను అతుకుటకు, చివరకు మందు సీసాల మూతి మూయుటకు కూడా ఈ పద్ధతి వాడుకలో ఉన్నది. మన ఇళ్ళలోని ఇండక్షన్ పొయ్యి దీని చిన్న రూపమే.

సూత్రం

మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గరలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆ వాహకం తీగ కాక ఒక లోహపు దిమ్మ అయినచో, అందులో పుట్టిన విద్యుత్తు నీటిలోని సుడుల వలె గుండ్రంగా తిరుగుతుంది. వీటిని సుడి ప్రవాహాలు లేక ఎడ్డీ ప్రవాహాలు అంటారు. అయస్కాంత ధ్రువాల మధ్య తిరిగే రాగి పళ్ళెం వేడెక్కుతుందని 1855లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో చూపాడు. లోహానికి గల నిరోధం వలన ఈ ప్రవాహాల శక్తి ఉష్ణంగా మారుతుంది.

ట్రాన్స్‌ఫార్మరుతో పోల్చి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. రాగి చుట్ట ప్రాథమిక చుట్ట అనుకుంటే, వేడెక్కవలసిన వస్తువే ఒకే ఒక చుట్టు గల ద్వితీయ చుట్ట. పైగా దాని రెండు కొసలూ కలిసిపోయి ఉన్నవి. ట్రాన్స్‌ఫార్మరులో సుడి ప్రవాహాలను తగ్గించుటకే ఇనుప దిమ్మకు బదులు పలుచని రేకులను పేర్చి వాడుతారని విద్యార్థులు చదివి ఉంటారు. అక్కడ నష్టంగా లెక్కించినదే ఇక్కడ మనకు కావలసిన ఫలితం.

ఇనుము వంటి అయస్కాంత పదార్థాలలో హిస్టెరిసిస్ వలన కూడా కొంత వేడి పుడుతుంది. అయితే ఇనుము సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటగానే అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది (దీనిని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు). ఆపైన సుడి ప్రవాహాలే పని చేయాలి.

ఇనుము మాత్రమే ఈ పద్ధతిలో వేడెక్కుతుందన్న అపోహ ఒకటి కలదు. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం గిన్నె వేడెక్కకపోవటమే ఇందుకు కారణం. ఆ లోహానికి అయస్కాంత గుణం లేదు, నిరోధం కూడా తక్కువ; సాధారణ గృహోపయోగ పొయ్యి దానికి అనుగుణంగా తయారు కాలేదు, అంతే. కర్మాగారాలలో అల్యూమినియం, రాగి, బంగారం కూడా ప్రేరణ కొలిముల్లో కరుగుతున్నవి.

పౌనఃపున్యం – వేడి చొరబడే లోతు

ఏకాంతర విద్యుత్తు వాహకం యొక్క పైపొరలోనే ఎక్కువగా ప్రవహిస్తుంది. దీనికి చర్మ ప్రభావం అని పేరు. పౌనఃపున్యం నాలుగు రెట్లు పెరిగితే ఈ పొర లోతు సగమవుతుంది. క్యూరీ ఉష్ణోగ్రత దాటిన ఉక్కులో 1,000 హెర్ట్జ్ వద్ద ఈ లోతు సుమారు 17 మిల్లీమీటర్లు, 10,000 హెర్ట్జ్ వద్ద 5 మిల్లీమీటర్లు, లక్ష హెర్ట్జ్ వద్ద 2 మిల్లీమీటర్ల లోపు. పుట్టే వేడిలో సుమారు 86 శాతం ఈ పొరలోనే పుడుతుంది. కాబట్టి వేడి ఎంత లోతుకు కావాలో ముందుగా నిర్ణయించుకొని, దానికి తగిన పౌనఃపున్యాన్ని ఎన్నుకొనవచ్చు. ఈ వెసులుబాటు మంటకు లేదు. ఈ పద్ధతి విలువంతా ఇక్కడే ఉన్నదని చెప్పవచ్చు.

ఉపరితలాన్ని గట్టిపరచుట

మన ఊరి కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచి పదును పెట్టటం అందరూ ఎరిగినదే. మోటారు వాహనంలోని క్రాంక్ షాఫ్టుకు జరిగేది కూడా అదే, కాని ఒక చిక్కు ఉన్నది. షాఫ్టు మొత్తాన్ని కాల్చి ముంచితే లోపలి వరకు పెళుసుబారి, దెబ్బ తగిలినప్పుడు విరుగుతుంది. మెత్తగా వదిలేస్తే బేరింగు వద్ద అరిగిపోతుంది. పైన గట్టిగాను, లోపల సాగే గుణంతోను ఉండాలి.

ఇందుకై సుమారు 0.4 శాతం కర్బనం గల ఉక్కు షాఫ్టులో, అరిగే చోట్ల మాత్రమే చుట్టను ఉంచి కొన్ని సెకన్లు విద్యుత్తు పంపుతారు. పైనున్న కొన్ని మిల్లీమీటర్ల పొర 900 డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. వేడి లోపలికి ప్రాకే లోగానే నీటిని చిమ్మి చల్లారుస్తారు. పైపొర మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారుతుంది, లోపలి ఉక్కు మారదు. మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు పైపొర కొద్దిగా వ్యాకోచిస్తుంది. లోపలి భాగం దానిని అడ్డుకొనుటచేత పైపొర నొక్కుడులో ఉండిపోతుంది. ఈ నొక్కుడు వలన పగుళ్ళు త్వరగా పుట్టవు. పళ్ళ చక్రాలు, ఇరుసులు కూడా ఈ విధంగానే తయారవుతాయి.

లోహాలను కరిగించుట

1900లో స్వీడన్‌లోని గిసింగె వద్ద షెల్లిన్ అనే ఇంజనీరు ప్రేరణ కొలిమిలో ఉక్కును తయారుచేశాడు. అందులో ట్రాన్స్‌ఫార్మరు వలె ఇనుప కోర్ ఉండేది. కోర్ అవసరం లేని, అధిక పౌనఃపున్యపు కొలిమిని 1916 ప్రాంతంలో అమెరికాలో ఎడ్విన్ నార్త్రప్ రూపొందించాడు. ఒకప్పుడు విద్యుత్ పౌనఃపున్యాన్ని పెంచుటకు పెద్ద మోటారు జనరేటర్లు కావలసి వచ్చేది. థైరిస్టర్లు, ఆ తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి ఆ స్థానాన్ని ఆక్రమించినవి.

కొలిమిలో మూస వంటి పాత్ర, దాని చుట్టూ బోలు రాగి గొట్టంతో చేసిన చుట్ట ఉంటాయి. గొట్టంలో ఎడతెగక నీరు ప్రవహిస్తూ ఉంటుంది. ఒక టన్ను ఇనుమును కరిగించి 1600 డిగ్రీలకు తెచ్చుటకు సిద్ధాంతరీత్యా సుమారు 390 యూనిట్ల విద్యుత్తు చాలు. ఆచరణలో 500 నుండి 650 యూనిట్లు పడుతుంది. కరిగిన లోహాన్ని అయస్కాంత బలమే కలియబెడుతుంది గనుక మిశ్రలోహాల పాళ్ళు అంతటా సమంగా ఉంటాయి. ఇంధనం కాలదు కనుక ఈ పనిని శూన్యంలో కూడా చేయవచ్చు. హైదరాబాదులో 1973లో స్థాపించబడిన మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) సంస్థ ఇటువంటి శూన్య ప్రేరణ కొలిముల్లో ప్రత్యేక మిశ్రలోహాలను కరిగిస్తుంది.

ఇతర ఉపయోగాలు

ఫోర్జింగుకు ముందు ఉక్కు కడ్డీలను కాల్చుటకు నూనె కొలిమి కంటే ఇది మేలు. కాలే సమయం తక్కువ కనుక పైన పొరలుగా ఊడే తుప్పు (స్కేలు) వలన లోహ నష్టం తక్కువ. పనివారికి పొగ, వేడి బాధ కూడా తగ్గుతుంది. బేరింగులను వేడితో వ్యాకోచింపజేసి షాఫ్టుకు ఎక్కించుటకు, రేకును చుట్టి గొట్టంగా అతుకుటకు కూడా ఇది వాడుకలో ఉన్నది. సీసా మూత కింద ఉండే అల్యూమినియం పొర కూడా ఈ విధంగానే అతుకుతుంది. ప్లాస్టిక్ మూత గుండా అయస్కాంత క్షేత్రం దూరి పలుచని రేకును మాత్రమే వేడిచేస్తుంది, మూత చెక్కుచెదరదు.

పరిమితులు, జాగ్రత్తలు

ప్రేరణ కొలిమి కరిగిస్తుందే గాని శుద్ధి చేయదు. ఇండ్లు కట్టుకొనేవారు ఈ మాటను గుర్తుంచుకొనుట అవసరం. ఉక్కులో భాస్వరం, గంధకం ఎక్కువైతే అది పెళుసుబారుతుంది. భాస్వరాన్ని తీసివేయాలంటే సున్నంతో కూడిన వేడి లోహమలం కావాలి. ప్రేరణ కొలిమిలో వేడి లోహంలో పుడుతుంది, పైన తేలే లోహమలం మాత్రం అంత వేడెక్కదు. పైగా చాలా కొలిములకు సిలికా పూత ఉంటుంది. సున్నం దానిని తినివేస్తుంది. అందుచేత తుక్కులో ఉన్న భాస్వరం కడ్డీలోకి వచ్చి చేరుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో వలె ఆక్సిజన్ కన్వర్టరులో చేసిన ఉక్కుకు ఈ ఇబ్బంది లేదు.

కాంక్రీటు కడ్డీలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1786 ఈ విషయంలో పరిమితులు విధించినది. ఎఫ్‌ఇ 500 రకానికి భాస్వరం 0.055 శాతం మించరాదు. ఎఫ్‌ఇ 500డి రకానికి 0.040 శాతం మించరాదు. చైనా 2017లో తుక్కు నుండి ప్రేరణ కొలిముల్లో నాసిరకం నిర్మాణ ఉక్కు చేసే కర్మాగారాలను మూసివేయించినది. మన దేశంలో ఈ కొలిములు నేటికీ ఉక్కు ఉత్పత్తిలో గణనీయమైన భాగాన్ని అందిస్తున్నవి. మంచి స్పాంజి ఐరన్, ఏరిన తుక్కు వేసి, కరిగిన తరువాత లాడిల్‌లో శుద్ధి చేసే కర్మాగారాల ఉక్కును తప్పుపట్టలేము. కొలిమి పేరు కంటే పరీక్షా పత్రంలోని అంకెలను చూడటం మేలు.

ప్రాణాపాయం మరొక వైపు నుండి రాగలదు. తడిసిన తుక్కు లేదా మూత బిగించిన డబ్బాను కరిగిన లోహంలో వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని ఎగజిమ్ముతుంది. పూత అరిగి కరిగిన లోహం నీటి గొట్టాన్ని తాకినా పేలుడు సంభవించవచ్చు. అందుకే తుక్కును ఆరబెట్టి వేయటం, పూత మందాన్ని తరచు కొలవటం, చుట్ట నుండి భూమికి విద్యుత్తు కారుతున్నదా అని చూపే పరికరాన్ని ఎన్నడూ ఆపకపోవటం తప్పనిసరి. చుట్ట సమీపంలో పనిచేసేవారు ఉంగరాలు, కడియాలు ధరించరాదు; అవి కూడా లోహాలే కదా. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు వైద్యుని సలహా లేకుండా ఈ కొలిముల దగ్గరకు పోరాదు.