ఆ సరస్సులు పిలుస్తున్నాయా... కాస్త ఆగండి!

పచ్చటి దుప్పటి పరిచినట్టు గడ్డి మైదానాలు. వాటి నడుమ నీలం, ఆకుపచ్చ కలగలిసిన నీళ్లతో సరస్సులు. ఎండాకాలంలోనూ కరగకుండా అంచుల్ని పట్టుకుని వేలాడే మంచు... కశ్మీర్ ‘గ్రేట్ లేక్స్’ ఫొటోలు చూస్తే ఎవరికైనా అప్పటికప్పుడు సంచి సర్దేయాలనిపిస్తుంది. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ‘స్నేహితులతో వెళ్లొస్తా నాన్నా’ అని ఈపాటికే అడిగి ఉంటారు కూడా. వద్దనక్కర్లేదు. కానీ ఆ ఫొటోల్లో కనిపించని సంగతి ఒకటుంది. ఆ దారి మధ్యలో ఓ చోటికి చేరాక ముందుకెళ్లినా, వెనక్కెళ్లినా రోడ్డెక్కడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అక్కడ కాలు బెణికినా, ఊపిరి అందకపోయినా అంబులెన్సు రాదు. ఈ యాత్రకు ప్రణాళిక వేయడమంటే ముందుగా ఆ చోటు గురించి ఆలోచించడమే!

మూడు కనుమలు... ఏడు రోజులు

శ్రీనగర్‌కి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని సోన్‌మార్గ్‌లో నడక మొదలవుతుంది. నిచ్‌నయ్, విషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్... ఇలా రోజుకో మజిలీ చేసుకుంటూ నారానాగ్‌లో దిగుతారు. మొత్తం సుమారు 70 కిలోమీటర్లు. కశ్మీరీలో ‘సర్’ అంటే సరస్సు. విషన్‌సర్ విష్ణువుదనీ, పక్కనే కాస్త ఎత్తులో ఉన్న క్రిషన్‌సర్ కృష్ణుడిదనీ చెబుతారు. 5,142 మీటర్ల హర్‌ముఖ్ శిఖరం పాదాల దగ్గరుండే గంగాబల్ కశ్మీరీ పండితులకు మన గోదావరి లాంటిది. అస్థికలు అక్కడే కలుపుతారు.

దూరం చూసి ‘ఏడు రోజుల్లో డెబ్భై కిలోమీటర్లేగా’ అనుకుంటే పొరపాటే. దారిలో మూడు కనుమలు దాటాలి. మూడూ 4,000 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. అన్నిటికన్నా ఎత్తయిన గడ్‌సర్ కనుమ దాదాపు 4,200 మీటర్లు. నాలుగు తిరుమల కొండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినా ఆ ఎత్తు రాదు! అక్కడ ఒక్కో శ్వాసతో అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందేదాంట్లో 60 శాతమే. నీళ్లు కూడా 90 డిగ్రీలు దాటకుండానే మరిగిపోతాయి. కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే మిగులుతుంది.

దిగాలంటే ఎక్కాలి!

కొండజబ్బుకి అసలు మందు కిందికి దిగడం. తలనొప్పి, వాంతులు, తూలిపోవడం, కూర్చున్నా ఆయాసం... ఇవి మొదలైతే ఇంక పైకి వెళ్లకూడదు. అంతదూరం తెలిసినవాళ్లే చాలామంది. ఇక్కడున్న చిక్కు వేరు. మొదటి మజిలీ అయిన నిచ్‌నయ్‌లో ఒంట్లో బాగోకపోతే సోన్‌మార్గ్ వైపు దారి చాలావరకు పల్లమే. ఆ కనుమ దాటి విషన్‌సర్ చేరారా... వెనక్కి రావాలన్నా మళ్లీ ఆ కనుమే ఎక్కాలి. ఇక గడ్‌సర్ అయితే అటు ఒక కనుమ, ఇటు ఒక కనుమ. జబ్బుపడ్డ మనిషిని కిందికి తేవాలంటే ముందు పైకి ఎక్కించాలన్నమాట!

కాబట్టి నిచ్‌నయ్ గుడారంలో తెల్లారేసరికి తలనొప్పి తగ్గలేదంటే మొహమాటం లేకుండా వెనుదిరగాలి. విషన్‌సర్‌లో ఒకరోజు ఆగి, ఒంటి తీరు చూసుకుని, తేడా అనిపిస్తే గుర్రం మీదైనా వెనక్కి వచ్చేయాలి. ఈ మాట బృందంలో అందరూ ఇంటి దగ్గరే అనుకోవాలి. అక్కడికెళ్లాక ‘ఇంత ఖర్చుపెట్టాం, ఒక్కడి కోసం ఆగిపోతామా’ అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. అది వినలేక రోగం దాచుకునేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

మరో లెక్క. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యుల సూచన. పొద్దున్నే హైదరాబాద్‌లో విమానమెక్కి, ఆ రాత్రి సోన్‌మార్గ్‌లో పడుకుని, మర్నాటికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున్న నిచ్‌నయ్ చేరితే ఒంటికి ఊపిరి తీసుకునే వ్యవధే ఉండదు. సోన్‌మార్గ్‌లో అదనంగా ఒకరోజు ఉండండి. సెలవు దొరకదంటారా? అయితే యాత్రే మరో ఏడాదికి వాయిదా వేసుకోండి. డయామాక్స్ మాత్రలున్నాయిగా అని కొందరు ధీమాగా ఉంటారు. సల్ఫా మందులు పడనివాళ్లకు అవి పనికిరావచ్చు, రాకపోవచ్చు. వైద్యుణ్ని అడక్కుండా వేసుకోకూడదు.

ఏప్రిల్ నుంచే కసరత్తు

జులై రెండో వారం నుంచి ఆగస్టు చివరిదాకా అనువైన కాలం. అంతకుముందు కనుమల మీద మంచుంటుంది, సెప్టెంబరులో రాత్రుళ్లు ఎముకలు కొరికే చలి. అంటే కసరత్తు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. మన ఎండలకు తెల్లవారుజామునే పరుగు. 5 కిలోమీటర్లు 35-40 నిమిషాల్లో ఆయాసం లేకుండా ముగించగలగాలి. వీపున నీళ్ల సీసాలు నింపిన సంచితో అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కడమే కాదు, దిగడమూ ముఖ్యమే. చివరి రోజు గంగాబల్ నుంచి నారానాగ్‌కి ఒక్కరోజులోనే వెయ్యి మీటర్లకు పైగా దిగాలి. మోకాళ్ల సత్తా తేలేది అక్కడే. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కిన మర్నాడు పిక్కలు పట్టేశాయంటే ఇంకా సాధన కావాలని అర్థం. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మన మలావత్ పూర్ణ కూడా ముందు భువనగిరి కొండమీద, తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో తర్ఫీదు పొందింది.

బూట్లు మాత్రం ఇప్పుడే కొనండి. కొత్త చెప్పే కరుస్తుంది, కొత్త బూటు ఊరుకుంటుందా! కొత్త బూట్లతో నల్లమలలో ఒక్క పూట నడిచి, వారం పాటు కుంటినవాడి మాట ఇది. జీన్స్, నూలు బట్టలు వద్దు. తడిస్తే ఆరవు. సరస్సు నీళ్లు అద్దంలా ఉన్నా పైన గొర్రెల మందలు మేస్తుంటాయి కాబట్టి మరిగించకుండా తాగొద్దు. సున్నుండలు పట్టుకెళ్లండి, ఆవకాయ గాజుసీసా ఇంట్లోనే ఉంచండి.

అనుమతి సంగతి అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడి తర్వాత కశ్మీర్‌లో చాలా పర్యాటక ప్రదేశాలను మూసేశారు. కాబట్టి విమానం టికెట్ కొనకముందే ఈ దారి తెరిచి ఉందో లేదో అక్కడి పర్యాటక శాఖను అడగండి. దారిలో సైనికులు గుర్తింపు కార్డులు చూస్తారు. మన ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదీ కొండల్లోకి వెళ్లాక మూగబోతుంది.

అందుకే ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. గైడ్ నంబరు, ఏ రోజు సాయంత్రానికి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే ఉండాలి. నారానాగ్‌లో ప్రాచీన ఆలయ శిథిలాలున్నాయి. చూడాల్సినవే. కానీ ఫోన్ పనిచేసే చోటికి రాగానే మొదట ఇంటికి ఫోన్ కలపండి... శిథిలాలు ఎక్కడికీ పోవు, అమ్మ మాత్రం వారం రోజులుగా ఎదురుచూస్తోంది.