కొలను చూడకుండానే వెనక్కి వచ్చాం
చిన్నపిల్లలతో ఒయాసిస్ నడక నేర్పిన పాఠం



దసరా సెలవులు అయిపోగానే క్లాసులో 'మై హాలిడేస్' అని ఒక పేజీ రాయిస్తాం కదా. ఈసారి పిల్లలు పేపర్లు ఇచ్చేసి, "మరి మీరెక్కడికి వెళ్లారు మేడమ్?" అని నన్ను అడిగారు. ఒయాసిస్ చూసి వచ్చానని చెప్పాను. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక బాబు లేచాడు. "అంటే ఇసుక మధ్యలో నీళ్ల గుంట, పక్కన రెండు ఖర్జూర చెట్లు... అదేనా మేడమ్?"

పుస్తకాల్లో బొమ్మ అలాగే ఉంటుంది. వెళ్లక ముందు నేనూ అలాగే అనుకున్నాను. నిజమైన ఒయాసిస్ ఎలా ఉంటుందో, చిన్నపిల్లలను తీసుకుని అక్కడ నడిచినప్పుడు మేం ఏం పొరపాటు చేశామో ఈ నెల మీతో పంచుకుంటాను. మీరు ఒమన్ వెళ్లకపోవచ్చు. కానీ పాకాలకో, భీముని పాదానికో పిల్లలతో వెళ్లే ఉంటారు, లేదా వెళ్లాలని అనుకుంటూ ఉంటారు. ఈ విషయాలు అక్కడా పనికొస్తాయి.

వాదీ అంటే మన వాగులాంటిదే

మా అక్కావాళ్లు ఒమన్ రాజధాని మస్కట్‌లో ఉంటారు. బావ అక్కడ ఉద్యోగం చేస్తారు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పాపకు ఏడేళ్లు, చిన్నోడికి నాలుగేళ్లు. సెలవుల్లో నేను వెళ్లినప్పుడు అందరం కలిసి వాదీ షాబ్ చూడటానికి బయల్దేరాం. మస్కట్ నుంచి సూర్ వెళ్లే హైవే మీద, తీవీ అనే ఊరి దగ్గర ఉంటుంది. కారులో గంటన్నర పైనే పట్టింది.

అరబ్బీలో 'వాదీ' అంటే కొండల మధ్య నీళ్లు పారే లోయ. మన వాగులాగే చాలా వాదీలు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటాయి, వాన పడితే ఒక్కసారిగా పారతాయి. వాదీ షాబ్‌లో మాత్రం ఏడాది పొడవునా నీళ్లుంటాయి. హైవే వంతెన కింద కారు ఆపి, చిన్న పడవలో అవతలి ఒడ్డుకు దాటాలి. అక్కడి నుంచి నడకే. మొదట ఖర్జూర తోటలు, అరటి చెట్లు వస్తాయి. తర్వాత రెండు వైపులా నిటారుగా రాతి కొండలు, మధ్యలో పచ్చని నీటి మడుగులు, గులకరాళ్లు, పెద్ద పెద్ద బండలు. ముప్పావు గంట నుంచి గంటసేపు నడిస్తే ఈత కొట్టే కొలనులు వస్తాయి. వాటిని ఈదుకుంటూ చివరికి వెళ్తే ఒక గుహ, అందులో చిన్న జలపాతం. మేం చూడాలనుకున్నది ఆ కొలనులనే. గుహదాకా చిన్నపిల్లలతో వెళ్లకూడదని ముందే అనుకున్నాం.

ఎక్కడ పొరపాటు చేశాం

ఉదయం ఆరింటికి బయల్దేరాలనుకున్నాం. టిఫిన్లు, ఫొటోలు, కారులో పెట్రోలు అన్నీ అయ్యేసరికి నడక మొదలుపెట్టింది పదిన్నరకు. అక్టోబరు కదా, చల్లగా ఉంటుందనుకున్నాం. ఫోన్‌లో చూస్తే 34 డిగ్రీలు. రెండు వైపులా రాళ్లు కాగి, ఆ వేడి కూడా మా మీదికే వస్తోంది.

'ముప్పావు గంట' అన్నది పెద్దవాళ్ల నడక లెక్క. మా చిన్నోడు ప్రతి గులకరాయినీ తీసి చూశాడు, మడుగులో చేపపిల్లల దగ్గర ఆగాడు, బండలు వచ్చినప్పుడల్లా ఎత్తుకోమన్నాడు. గంట గడిచేసరికి మేం సగం దారి దాటామంతే. ఒక బ్యాగు కారులోనే మరిచిపోయామని అప్పుడు తెలిసింది. నీళ్ల సీసాలు ఎక్కువ అందులోనే ఉన్నాయి. చేతిలో ఉన్నది ఒకటిన్నర లీటరు, ఐదుగురం. పైగా పిల్లలు దారి పొడవునా అమ్మ పంపిన మురుకులు తిన్నారు. ఉప్పు తిండి, దాహం ఎక్కువ.

అప్పటిదాకా ఆపకుండా మాట్లాడిన చిన్నోడు మాటలు ఆపేశాడు. ముఖం ఎర్రబడింది. "నీళ్లు తాగుతావా?" అంటే తల అడ్డంగా ఊపాడు. అక్క భుజం మీద తల వాల్చేశాడు. నిద్రొస్తోందేమో అనుకున్నాం.

"ఇంకో ఇరవై నిమిషాలే, ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా?" అన్నారు బావ. నాకూ మనసులో అదే ఉంది. అక్క మాత్రం ఒక్క మాటే అంది. "వీడు నిద్రపోయే టైమ్ కాదిది." అంతే, ఆగిపోయాం.

కొండ నీడలో కూర్చోబెట్టి, బూట్లు, చొక్కా విప్పి, చున్నీ తడిపి మెడకు, చంకలకు, కాళ్లకు అద్దాం. ఉన్న నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాం. అరగంటకు కళ్లు తెరిచి, "చిన్నమ్మా, నా రాయి ఏది?" అన్నాడు. ఆ మాట వినేదాకా మాలో ఎవరికీ ఊపిరాడలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాం.

పిల్లలకు ఎండ ఎందుకు త్వరగా తగులుతుంది?

పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల బరువు తక్కువ, ఆ బరువుకు చర్మం వైశాల్యం ఎక్కువ. అందుకే చుట్టూ బాగా వేడిగా ఉన్నప్పుడు వాళ్ల ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. నేలలోంచి వచ్చే సెగకు కూడా వాళ్లే దగ్గర. అన్నిటికంటే ముఖ్యమైన కారణం, ఆటలో పడితే వాళ్లకు దాహం గుర్తుకు రాదు, అలసిపోయామని చెప్పడమూ రాదు. కాబట్టి అడిగి ఊరుకోకుండా మనమే చూసుకోవాలి.

మొదటి గుర్తులు ఇవి: హుషారుగా ఉన్న పిల్లలు మాట తగ్గించడం, ఊరికే విసుక్కోవడం, ముఖం ఎర్రబడటం, తలనొప్పి, కాళ్లు పట్టేయడం, కడుపులో తిప్పడం, చాలాసేపు మూత్రానికి వెళ్లకపోవడం. వీటిలో ఏది కనిపించినా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చూసి, కొంచెం కొంచెంగా తాగించాలి. ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒళ్లు చల్లబరుస్తూనే వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని పిల్లల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఓఆర్‌ఎస్ గురించి ఒక మాట. మందుల షాపులో పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీటికి, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు అని ఉంటుంది. దాని మీద రాసినంత నీళ్లలోనే మొత్తం పొడి కలపాలి. సగం గ్లాసులో కలిపేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. రంగురంగుల డబ్బాల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు.

ఆగిన చోటే దొరికిన పాఠం

కొలను చూడలేదని పాప ఏడ్చింది. తిరుగు దారిలో తోటల దగ్గర నీడ బాగుంది కాబట్టి మరోసారి కూర్చున్నాం. అక్కడ కొండ పక్కగా జానెడు వెడల్పు కాలువ ఒకటి పారుతోంది. పాప అందులో ఒక ఆకు వేసింది. ఆకు వెంట పరుగెత్తింది. కాసేపటికి ఏడుపు మరిచి, "చిన్నమ్మా, ఇక్కడ వానే పడదు కదా, మరి ఈ నీళ్లు ఎక్కడివి?" అని అడిగింది.

మంచి ప్రశ్న. మస్కట్‌లో ఏడాదికి సగటున పడే వాన 100 మిల్లీమీటర్లకు మించదు. మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో దాదాపు 1000 మిల్లీమీటర్లు పడుతుంది. కానీ తీరం వెనక ఉన్న హజర్ కొండల మీద కాస్త ఎక్కువ వాన పడుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి ఇంకి, నెమ్మదిగా కిందికి దిగి, లోయల అడుగున ఊటగా పైకి వస్తుంది. అదే ఒయాసిస్‌కు ప్రాణం.

ఆ నీటిని పొలాలకు చేర్చే కాలువను అక్కడ 'ఫలజ్' అంటారు. కొన్ని చోట్ల కొండ అడుగున తల్లి బావి తవ్వి, అక్కడి నుంచి భూమి లోపలే సొరంగంలా కాలువ తీసి ఊరిదాకా తెస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. వాలు మీదే నీళ్లు నడుస్తాయి. ఒమన్‌లో ఇలాంటివి ఇప్పటికీ దాదాపు 3000 పని చేస్తున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊళ్లోకి రాగానే మొదట తాగే నీళ్లకు, ఆ తర్వాతే మిగతా అవసరాలకు, పొలాలకు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు అన్నది గంటల లెక్క. పూర్వం పగలు నీడను చూసి, రాత్రి చుక్కలను చూసి ఆ వంతులు లెక్కపెట్టేవారు.

ఇది విన్నప్పుడు నాకు మన చెరువు గుర్తొచ్చింది. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంత పారాలి అని చూసే నీరటికాడు మన ఊళ్లలోనూ ఉండేవాడు కదా. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన పాకాల చెరువు ఈనాటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఎడారిలో పచ్చదనమైనా, మన దగ్గర చెరువు కింద పచ్చదనమైనా తనంతట తాను నిలవలేదు. తరతరాలుగా మనుషులు కాపాడితే నిలిచింది. పుస్తకంలో బొమ్మకు, నేను చూసినదానికి తేడా ఇదే. కొలనుదాకా పరుగెత్తి ఉంటే పాప ఆ ప్రశ్న అడిగేదే కాదు.

నీళ్లను నమ్మొద్దు

వాదీకి వెళ్లే ముందు బావ వాతావరణం రెండుసార్లు చూశారు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, ఎక్కడో దూరం కొండల మీద వాన పడితే చాలు, లోయలో ఒక్కసారిగా వరద వస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఒమన్‌లో ఇలాంటి వరదలోనే స్కూలు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

మరిపెడ వాళ్లకు దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే ఏడాది సెప్టెంబరు 1న ఆకేరు వాగు ఎలా వచ్చిందో మనమంతా చూశాం. పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర కారుతో సహా కొట్టుకుపోయిన తండ్రీకూతుళ్లను ఎవరూ మరిచిపోలేదు. ఎండాకాలంలో పిల్లలు క్రికెట్ ఆడే ఇసుకే వానాకాలంలో మనిషిని మింగుతుంది. అందుకే పిల్లలతో నీళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు పైన వాన ఉందా అని ముందు చూడాలి. నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, మట్టం పెరిగినా, సామాన్లు వదిలేసి గట్టు ఎక్కాలి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దాటకూడదు.

ఈసారి మీరు వెళ్లేటప్పుడు

చలికాలం ఉదయాలు నడకకు మంచివి. పాకాల కట్ట మీద నడక చిన్నపిల్లలకు తేలిక. గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతం వానలు పడ్డాక బాగుంటుంది, కానీ రాళ్లు జారుతాయి, జోరు వానలో వెళ్లొద్దు. ఎక్కడికి వెళ్లినా ఇవి పాటించండి:

• అందరికంటే చిన్న బిడ్డ నడకే అందరి నడక. ఎవరైనా 'అరగంట దారి' అంటే మీరు గంట అనుకోండి.
• వెనక్కి తిరిగే టైమ్ బయల్దేరే ముందే పెట్టుకోండి. ఆ టైమ్ కాగానే ఎక్కడున్నా తిరగండి. తెచ్చిన నీళ్లు సగం అయిపోయినా తిరగండి.
• నీళ్ల సీసాలు కారు దగ్గరే లెక్కపెట్టండి. ఆ లెక్క పిల్లలకే అప్పజెప్పండి, వాళ్లు మరిచిపోరు.
• పావుగంటకోసారి ఆగి, అడగకపోయినా కొన్ని గుక్కలు తాగించండి.
• టోపీ, వదులుగా ఉండే నూలు బట్టలు, జారని బూట్లు వేయండి. మురుకుల కంటే అరటిపండు, నారింజ మేలు.
• నీళ్ల దగ్గర ఒక పెద్ద మనిషి ఫోన్ జేబులో పెట్టి పిల్లలనే చూస్తూ ఉండాలి.
• చెత్తంతా తిరిగి ఇంటికి తెచ్చుకోండి.

చివరిగా ఒక మాట. మనం పిల్లలకు ఎప్పుడూ 'మొదలుపెడితే పూర్తి చేయాలి' అనే చెప్తాం. క్లాసులో నేనూ అదే చెప్తాను. కానీ ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా చదువే. అమ్మానాన్నలు తమ కోరిక పక్కనపెట్టి, "ఈ రోజుకు చాలు, పద ఇంటికి పోదాం" అన్నప్పుడు పిల్లలు అది చూసి నేర్చుకుంటారు. కారు దగ్గరికి వచ్చాక బావ చిన్నోడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "కొలను ఎక్కడికీ పోదు, నువ్వు పెద్దయ్యాక ఇద్దరం ఈదుదాం" అన్నారు. వాడు ఆ గులకరాయిని నాకిచ్చాడు. ఇప్పుడది మా క్లాస్‌రూమ్ టేబుల్ మీద ఉంది.

ఈ నెల ఇంట్లో చేయండి: మీ ఊరి చెరువు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, తూము ఎక్కడుంది, పూర్వం నీరటి పని ఎవరు చేసేవారు అని తాతయ్యను, నానమ్మను అడిగి పిల్లలతో ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాయించండి. బొమ్మ కూడా గీయిస్తే ఇంకా మంచిది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో వాటిని గోడ మీద పెడదాం.

— మీ ఇంగ్లిష్ టీచర్, మరిపెడ బ్రాంచ్