చిన్న కెమేరాతో చలనచిత్రము తీయుట

బాలబాలికలారా, అరచేతిలో నిముడు డిజిటల్ కెమేరాతో నేడు మీరును చలనచిత్రములు తీయగలరు. మీట నొక్కుట సులభమే. కాని కదలెడు బొమ్మ యెట్లు పుట్టునో యెరుగనిచో శ్రమ వ్యర్థమగును. ఇది మే మనుభవముచే నేర్చిన సంగతి.

రెండేండ్ల క్రిందట కొందరు విద్యార్థులతో ఆత్మకూరునుండి ఉదయగిరికి పోయి, అచట కొయ్యగరిటెలు చెక్కు నొక వృద్ధుని పనితనమును చిత్రించితిమి. ఆయన బాడిసతో కొయ్యను తీర్చి, ఆకురాయితో నునుపు చేయుచు, ఒక్కొక్క మెలకువను వివరించెను. పిల్లలు కుతూహలముచే కెమేరాను ఆయన ముఖమునుండి చేతులకును, చేతులనుండి దుర్గపు కొండకును త్రిప్పుచుండిరి. బడికి వచ్చి చూడగా బొమ్మ యంతయు మసకబారి వణకుచుండెను; మాటలు గాలిహోరున మునిగిపోయెను.

దీనికి కారణమేమి? చలనచిత్రమున నిజముగా చలనము లేదు. కెమేరా సెకనునకు 25 లేక 30 నిశ్చలచిత్రములను తీయును. వానిని అదే వేగముతో వరుసగా చూపినప్పుడు మన కన్నును మనస్సును వానిని కలిపి యొకే కదలికగా గ్రహించును. 1921లో రఘుపతి సూర్యప్రకాశ్ తీసిన 'భీష్మప్రతిజ్ఞ' యను మూకచిత్రమునకును ఇదియే సూత్రము. నాటి ఫిల్ముచుట్టకు బదులు నేడు వెలుతురును గ్రహించు చిన్న పలకయు, మెమరీ కార్డును ఉన్నవి.

అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల యొక్క బొమ్మలో 20 లక్షలకు పైగా చుక్కలుండును. సెకనునకు 30 బొమ్మలన్నచో అవి 6 కోట్లు దాటును. అన్నియు దాచుటకు కార్డు చాలదు. కావున కెమేరా యొక బొమ్మను పూర్తిగా దాచి, తరువాతి వానిలో మారిన భాగములను మాత్రమే ముఖ్యముగా గుర్తించుకొనును. కెమేరా నిలుకడగా నున్నచో మారునది పనివాని చేయి మాత్రమే. అది స్పష్టముగా నిలుచును. కెమేరాయే వణకినచో గోడయు కొండయు సర్వమును మారును. అన్నిటికిని చోటు చాలక స్పష్టత చెడును.

కావున ఈ నియమములను పాటింపుడు. కెమేరాను ముక్కాలిపీటపైనైనను, బల్లపైనైనను నిలుపుడు. ఒక్కొక్క దృశ్యమును పది సెకనులైనను కదల్పక తీయుడు. దూరమునుండి బొమ్మను పెద్దది చేయుటకంటె దగ్గరకు నడచుట మేలు. వెలుతురు మీ వెనుకనుండి రావలయును. మాటలు వినబడుటకు గాలి లేని చోట, మనిషికి రెండు మూడడుగుల దూరమున నుండుడు. మైకు రంధ్రములను వ్రేళ్లతో మూయకుడు. ముందొక నిమిషము తీసి, అచటనే చూచి, విని సరిచూచుకొనుడు. కొన్ని కెమేరాలు అరగంట లోపుననే తమంత నాగిపోవునని మరువకుడు.

మరుసటి యేడు మరల ఉదయగిరికి పోతిమి. "నాయనలారా, ఇక నాకు చేయి నిలువదు" అని యా వృద్ధుడు బాడిసను కోడలి చేతి కిచ్చెను. ఈ మారు కెమేరాను ముక్కాలిపీటపై నుంచితిమి. ఆమె చెక్కుచుండగా ఆయన ప్రక్కన గూర్చుండి చెప్పిన మాటలన్నియు నేడు మా బడిలో స్పష్టముగా వినవచ్చును. ఆయన చేతుల పనితనము మాత్రము మాకు దక్కలేదు.

మీ యిండ్లలోను పని నెరిగిన పెద్దలు కలరు. ఈ సెలవులలోనే వారి చెంతకు పొండు, కెమేరాను కదలనీయకుడు.